లీటరు నీళ్లలో చేపల ఆనవాలు

బొమ్మిడాయిని పట్టడం అందరికీ చేతకాదు. పాములా పొడుగ్గా ఉంటుంది, పగలంతా బురదలోనో రాళ్ల సందుల్లోనో దూరి ఉంటుంది, చీకటి పడ్డాక మేతకు బయటికి వస్తుంది. వల లాగేవాడి కాళ్ల కింద నుంచే జారుకుంటుంది. నెల్లూరులో దాని పులుసుకున్న గిరాకీ చెప్పక్కర్లేదు. కానీ ఫలానా చెరువులో బొమ్మిడాయి ఉందా లేదా, ఖాయంగా చెప్పమంటే మాత్రం తలపండిన జాలర్లు కూడా తటపటాయిస్తారు. మూడు రోజులు వల వేసినా ఒక్కటీ పడలేదనుకోండి. చెరువులో లేదనా, వలకు చిక్కలేదనా? ఈ రెండూ ఒకటి కావు.

చేపల లెక్క తీసే శాస్త్రవేత్తలదీ ఇదే అవస్థ. వలలు వేస్తారు, ఒడ్డున బుట్టలు తిరగేస్తారు, మార్కెట్లో కూర్చుని ఏ రకం ఎంత దిగిందో రాసుకుంటారు. దొరికినదే లెక్కకొస్తుంది. వల కన్ను కంటే చిన్నవి జారిపోతాయి, బురదలో దూరేవి తప్పించుకుంటాయి, అరుదైనవి అసలు ఎదురే పడవు. పైగా అంతరించిపోతున్న జీవి ఎక్కడుందో తెలుసుకోవడానికి దాన్నే వలేసి పట్టి గాయపరచడం ఎంత విడ్డూరం!

2008లో ఫ్రాన్స్ పరిశోధకులు కొందరు ఈ చిక్కును ఇంకోవైపు నుంచి విప్పారు. అమెరికా నుంచి వచ్చి అక్కడి కుంటల్లో తిష్ఠవేసిన బుల్‌ఫ్రాగ్ అనే పెద్ద కప్ప ఎక్కడెక్కడ ఉందో వాళ్లు వెతకాలి. కప్పను వెతకలేదు. కుంటలోంచి 15 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకున్నారు. చిన్న గ్లాసులో పోసిన టీ కూడా అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ఆ నీళ్లలో కప్ప డీఎన్ఏ దొరికింది. కప్పలున్న కుంటల నీళ్లలో దొరికింది, లేని కుంటల్లో దొరకలేదు.

నీళ్లలో ఏం మిగులుతుంది?

చేప ఈదుతున్నంతసేపూ ఏదో ఒకటి వదులుతూనే ఉంటుంది. ఒంటి మీది జిగురు, రాలిన పొలుసులు, పేగు గోడల కణాలతో కలిసి వచ్చే మలం, గుడ్లు పెట్టే కాలంలో గుడ్లు, వీర్యం. ప్రతి కణంలోనూ ఆ జీవి డీఎన్ఏ ఉంటుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాల్లో విడిగా చిన్న డీఎన్ఏ చుట్ట ఒకటి ఉంటుంది. కేంద్రకంలోని డీఎన్ఏకు కణానికి రెండే ప్రతులైతే, ఈ చుట్టకు వందలు, వేలు. అందుకే నీళ్లలో వెతికేవాళ్లు ఎక్కువగా దీని వెంటే పడతారు. గడ్డివాములో సూది పోయినప్పుడు, ఒక్క సూది కంటే వెయ్యి సూదులు పోతే దొరకడం తేలిక కదా.

నీళ్లలో, మట్టిలో, గాలిలో ఇలా జీవులు వదిలేసిన డీఎన్ఏని పర్యావరణ డీఎన్ఏ అంటున్నారు. వాడుకలో ఈ-డీఎన్ఏ. పెళ్లి బంతి లేచాక విస్తళ్లు చూసినవాడికి వంటకాలేమిటో తెలిసిపోతుంది. గుత్తివంకాయ తొడిమ, మామిడి టెంక, అప్పడం ముక్క. తిన్నవాళ్లు ఎంతమంది, ఎవరు ఎంత తిన్నారు అన్నది మాత్రం ఊహే. ఈ-డీఎన్ఏ బలమూ బలహీనతా రెండూ ఆ విస్తట్లోనే ఉన్నాయి.

ఈ ఆనవాలు ఎక్కువ కాలం నిలవదు. ఎండ, వేడి, బ్యాక్టీరియా కలిసి డీఎన్ఏని ముక్కలు ముక్కలు చేసేస్తాయి. నీళ్లలో దాని ఆయుష్షు మామూలుగా కొద్ది రోజులు, మహా అయితే రెండు మూడు వారాలు. నెల్లూరు మే నెల ఎండలకు ఇంకా తక్కువే. ఇది లోపంలా కనిపిస్తుంది గానీ నిజానికి మేలు. నీళ్లలో డీఎన్ఏ దొరికిందంటే ఆ జీవి ఈమధ్యే అక్కడ మసలిందన్నమాట. అడుగు బురదలో దిగబడిందైతే చాలా ఎక్కువ కాలం ఉంటుంది. అందుకే పై నీళ్లు తీసేటప్పుడు బురద కదలకుండా చూసుకుంటారు.

గట్టు మీద పని

చూస్తే చాలా మామూలు పని. శుభ్రమైన సీసాతో లీటరు నీళ్లు ముంచుతారు. పెద్ద సిరంజితోనో, చిన్న పంపుతోనో ఆ నీళ్లను రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దదైన వడపోత బిళ్ల గుండా నెట్టుతారు. ఆ బిళ్ల రంధ్రాలు తరచు 0.45 మైక్రాన్లు. తల వెంట్రుక మందం దానికి వంద రెట్లకు పైనే. నీళ్లు కిందికి పోతాయి, కణాలు, కణాల తునకలు బిళ్ల మీద నిలుస్తాయి. ఆ బిళ్లను పట్టకారుతో మడిచి, సారాయిలోనో నిల్వ ద్రావణంలోనో వేసి ఐస్ పెట్టెలో పెడతారు.

వానాకాలం చెరువు దగ్గర ఇంత సాఫీగా జరగదు. ఎర్రమట్టి నీళ్లు పావు లీటరు పోసేసరికి బిళ్ల పూడుకుపోతుంది. బొటనవేలు నొప్పి పుట్టేలా సిరంజి నొక్కినా చుక్క దిగదు. బిళ్ల మార్చాలి, మళ్లీ నొక్కాలి. రొయ్యల గుంట నీళ్లయితే పచ్చటి నాచుతో ఇంకా ముందే మూసుకుపోతుంది. అప్పుడు పెద్ద రంధ్రాల బిళ్ల వాడతారు, ముందు ఒకసారి వడగడతారు, లేదంటే తక్కువ నీళ్లతో సరిపెట్టుకుని ఎక్కువ చోట్ల తీస్తారు.

దీనికంటే పెద్ద బాధ మడి. ఇంత సున్నితమైన పరీక్షకు చేయి తగలకూడదు. మధ్యాహ్నం చేపల పులుసుతో అన్నం తిని వచ్చి సీసా మూత తీసినవాడి వేలి గోటిలో ఉన్నదీ చేప డీఎన్ఏనే. అందుకే ప్రతి చోటా కొత్త గ్లౌజులు, బ్లీచింగ్ ద్రావణంతో కడిగిన సీసాలు. ల్యాబు నుంచి ఒక సీసాలో స్వచ్ఛమైన నీళ్లు తెచ్చి, గట్టు మీదే మూత తీసి, వాటినీ అలాగే వడగట్టి పట్టుకెళ్తారు. ఆ సీసాలో చేప కనిపించిందంటే ఆ రోజు తీసిన మిగతా సీసాలన్నిటినీ అనుమానించాల్సిందే.

▣ వంటింట్లో డీఎన్ఏ

కణంలోంచి డీఎన్ఏ తీయడం ఎంత తేలికో ఇంట్లోనే చూడొచ్చు. అరటిపండు ముక్కను చిదిమి, గ్లాసు నీళ్లలో చిటికెడు ఉప్పు, చెంచాడు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి అందులో వేయండి. నురగ రాకుండా మెల్లగా కలిపి, పది నిమిషాలాగి పలచటి గుడ్డలో వడగట్టండి. ఫ్రీజర్‌లో పెట్టి చల్లబరచిన సర్జికల్ స్పిరిట్‌ను గ్లాసు అంచు నుంచి నెమ్మదిగా పైన పోయండి. రెండు పొరల నడుమ తెల్లటి దూదిపోగులు తేలతాయి. అదే డీఎన్ఏ.

సబ్బు కణాల చుట్టూ ఉన్న కొవ్వు పొరను విప్పింది. ఉప్పు డీఎన్ఏ పోగులు దగ్గరకు చేరేలా చేసింది. స్పిరిట్‌లో డీఎన్ఏ కరగదు కాబట్టి బయటికి తేలింది. ల్యాబులో జరిగేదీ ఇదే. కాకపోతే ప్రొటీన్లను కరిగించే ఎంజైము ఒకటి అదనం. స్పిరిట్ పొరకు బదులు గాజు పదార్థమైన సిలికా జల్లెడ వాడతారు. ఉప్పు నీళ్లలో డీఎన్ఏ గాజుకు అంటుకుంటుంది, మురికి కడిగేశాక ఉప్పు లేని నీళ్లు పోస్తే వదులుతుంది. లీటరు చెరువు నీళ్లు చివరికి ఒకటి రెండు చుక్కలవుతాయి.

రొట్టెల పండగలో తప్పిపోయిన పిల్లవాడు

ఆ చుక్కలో ఉన్నది చేప డీఎన్ఏ ఒక్కటే కాదు. బ్యాక్టీరియా, నాచు, గేదె, మనిషి, గట్టున ఉన్న తుమ్మచెట్టు, అందరిదీ ఉంటుంది. చేపది అందులో పిసరంత. దాన్ని వెతకడమెలా?

స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ ఊహించుకోండి. లక్షల జనం. ఒక పిల్లవాడు తప్పిపోయాడు. జనంలో దూరి ఒక్కొక్కరి మొహం చూస్తూ పోతే ఏ జన్మకూ దొరకడు. మైకులో చెబుతారు. ఒట్టి పేరు చెబితే అదే పేరున్న పిల్లలు పదిమంది వస్తారు. పేరుతో పాటు ఊరు, చొక్కా రంగు, వయసు చెబితే ఒక్కడే వస్తాడు. డీఎన్ఏకు నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతిలో ఆ మైకు ప్రకటన పేరు ప్రైమర్. దాదాపు 20 అక్షరాల చిన్న డీఎన్ఏ ముక్కలు రెండు. మనం వెతికే జీవి డీఎన్ఏలో ఒక చోటుకు అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి అతుక్కునేలా తయారు చేస్తారు. రెండూ కుదిరిన చోటే పని మొదలవుతుంది.

పని అంటే నకళ్లు తీయడం. 95 డిగ్రీలకు వేడి చేస్తే డీఎన్ఏ జంట పోగులు జిప్పులా విడిపోతాయి. 60 డిగ్రీల దాకా చల్లారిస్తే ప్రైమర్లు తమ చోట అతుక్కుంటాయి. 72 డిగ్రీల దగ్గర ఒక ఎంజైము మిగతా అక్షరాలు పేర్చి నకలు పూర్తి చేస్తుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. 10 రౌండ్లకు వెయ్యి, 20కి పది లక్షలు, 30 రౌండ్లకు వంద కోట్లు దాటుతాయి. నకళ్లు పెరిగేకొద్దీ వెలుగు విరజిమ్మే రంగును మొదట్లోనే కలిపితే, ఎన్నో రౌండులో వెలుగు కనిపించిందో యంత్రం చెబుతుంది. త్వరగా కనిపిస్తే మొదట్లో డీఎన్ఏ ఎక్కువున్నట్టు, ఆలస్యమైతే తక్కువున్నట్టు.

2020లో కోవిడ్ వచ్చాక గానీ పీసీఆర్ అన్న మాట దేశంలో చాలామంది నోట పలకలేదు. నెల్లూరు రొయ్యల రైతుకు అది అంతకు చాలా ఏళ్ల ముందే తెలుసు. హేచరీ నుంచి సీడ్ తెచ్చేముందు పీసీఆర్ చేయించావా అని అడగడం ఇక్కడ మామూలు మాట. ఆ మాట వెనుక పెద్ద దెబ్బే ఉంది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ కండలేరు క్రీకు వెంబడి ఉన్న టైగర్ రొయ్య గుంటల్ని ఊడ్చేసింది. ఒకరి గుంట నీళ్లు క్రీకులోకి, ఆ క్రీకు నీళ్లే పక్కవాడి గుంటలోకి. ఆ నష్టం నేర్పిన జాగ్రత్తే సీడ్ పరీక్ష. తెల్లమచ్చది డీఎన్ఏ వైరస్, ఇప్పుడు వనామి రొయ్యల పెంపకంలో ఎదుగుదలను దెబ్బతీసే ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి రొయ్య మలంతో బయటికి వస్తుంది. రెండింటి ఆనవాళ్లూ నీళ్లలో వెతకొచ్చు. సీడ్‌ని పరీక్షించే యంత్రానికే గుంటలోకి తోడబోయే నీళ్లు చూపించడం నా దృష్టిలో పెద్ద దూకుడేమీ కాదు, ఒక అడుగు. కాకపోతే నీళ్లలో వైరస్ డీఎన్ఏ దొరికితే అది బతికున్న వైరస్సేనని అర్థం కాదు. ఆ తేడా రైతుకు చెప్పకుండా చీటీ చేతిలో పెడితే మంచికంటే చెడే ఎక్కువ.

దెయ్యం చేప ఎంత దూరం వచ్చింది?

ఈ పద్ధతిని తెలుగు నేల మీద గట్టిగా వాడిన పని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీది. అక్కడి అంతరించిపోతున్న జీవుల ప్రయోగశాల, లాకోన్స్‌లో గోవిందస్వామి ఉమాపతి బృందం వెతికింది అపురూపమైన జీవిని కాదు, వద్దనుకునే అతిథిని. ఒంటి నిండా పలకల్లాంటి గట్టి పొలుసులు, ముళ్ల రెక్కలు, కింది వైపు గిన్నెలాంటి నోరు. వార్తల్లో దెయ్యం చేప అంటారు, అక్వేరియం దుకాణాల్లో సక్కర్ అంటారు. పుట్టిల్లు దక్షిణ అమెరికా. గాజు తొట్టె అద్దాల మీది నాచు తింటుందని ఇళ్లలోకి తెచ్చుకున్నారు. పెరిగి తొట్టె పట్టకపోతే ఎవరో చెరువులో వదిలేస్తారు. అక్కడి నుంచి మొదలు. గట్లకు బొరియలు పెట్టి గుడ్లు పెడుతుంది, వలలు చింపుతుంది, గాలి కూడా పీల్చగలదు కాబట్టి ఒడ్డున పడేసినా గంటల తరబడి చావదు. కొనేవాడూ లేడు.

దీన్ని ఒక్కదాన్నే గుర్తించే పీసీఆర్ పరీక్ష తయారు చేసి, తూర్పు కనుమల్లోని నీళ్లను పరీక్షించారు. 2023లో బయటపెట్టిన ఫలితం: అక్కడి నీటి వనరుల్లో 60 శాతానికి పైగా ఈ చేప ఆనవాళ్లున్నాయి. వలలతో ఇంత విస్తారంగా చూడాలంటే ఎన్నేళ్లు పట్టేదో.

నెల్లూరు వాళ్లు ఈ వార్తను తమ కాలువల పక్కన నిలబడి చదవాలి. తెలుగుగంగ కృష్ణా నీళ్లను శ్రీశైలం నుంచి వెలుగోడు మీదుగా సోమశిలకు, అక్కడి నుంచి కండలేరుకు, ఆపైన చెన్నై కోసం పూండికి తీసుకెళుతుంది. ప్రకృతి ఎప్పుడూ కలపని కృష్ణ, పెన్న నదుల్ని మనం కలిపాం. నీళ్లతో పాటు ఏవి ప్రయాణం చేస్తాయో ఎవరూ టికెట్ అడగరు. కాలువ పొడవునా నాలుగైదు చోట్ల నెలకోసారి లీటరు చొప్పున నీళ్లు తీస్తే, పిలవని చేప ఏ రిజర్వాయరు దాకా వచ్చిందో వలకు చిక్కక ముందే తెలుస్తుంది. అమెరికాలో ఇదే చేశారు. మన చెరువుల్లో పెంచే వెండి గండె లాంటి ఆసియా చేపలు అక్కడ నదుల్ని ముంచెత్తాయి. అవి మహా సరస్సుల్లోకి రాకుండా షికాగో కాలువలో కరెంటు కంచె వేశారు. 2009లో కంచెకు అవతలి నీళ్లలోనే వాటి డీఎన్ఏ దొరికింది. అంటే చేపలు కంచె దాటాయా, పడవ అడుగున అంటుకున్న జిగురు దాటిందా? కోర్టుల దాకా వెళ్లింది ఆ వాదన.

ఒక్కరిని కాదు, అందరినీ

ఫలానా చేప ఉందా అని కాకుండా, ఎవరెవరున్నారు అని కూడా అడగొచ్చు. అప్పుడు మైకులో ఒక పిల్లవాడి పేరు కాకుండా, చేప జాతి వాళ్లంతా రండి అని పిలిచే ప్రైమర్లు కావాలి. జపాన్ శాస్త్రవేత్తలు 2015లో అలాంటివి తయారు చేశారు. మైటోకాండ్రియా డీఎన్ఏలో దాదాపు 170 అక్షరాల ముక్క. దాని రెండు చివరలూ చేపలన్నిటిలో ఇంచుమించు ఒకటే, మధ్యలో మాత్రం రకానికో తీరు. ఆ మధ్య భాగమే చేపకు బార్‌కోడ్ లాంటిది. దీన్ని ఒకినావాలోని చురౌమి అక్వేరియంలో పరీక్షించారు. తొట్టెల్లో ఏ చేపలున్నాయో లెక్క ముందే ఉంది: 180 రకాలు. ఒట్టి నీళ్లు చూసి యంత్రం 168 చెప్పింది.

సీసీఎంబీ బృందం ఒడిశాలోని చిలికాలో ఇంకా ముందుకు పోయింది. ప్రైమర్లతో ఎంచి పిలవడమే మానేసి, నీళ్లలో విడిగా తేలుతున్న డీఎన్ఏ ముక్కల్ని దొరికినవి దొరికినట్టు చదివేసింది. వేర్వేరు రుతువుల్లో తీసిన నీళ్ల నుంచి సుమారు 1000 కోట్ల ముక్కలు. వాటిలో వైరస్‌లు, బ్యాక్టీరియా మొదలుకుని శిలీంధ్రాలు, మొక్కలు, పురుగులు, చేపలు, పక్షుల దాకా వెయ్యికి పైగా జీవ కుటుంబాలు తేలాయి. ఉప్పు నీళ్ల సరస్సుల్లో దేశంలో చిలికాదే మొదటి స్థానం. రెండోది మన పులికాట్. అక్కడ రాయదొరువు దగ్గర ముఖద్వారం పూడుకుపోతే సముద్రపు నీరు రాదు, నీరు రాకపోతే చేప రాదు. జాలర్లకు ఇది ఏళ్ల నాటి గోడు. ముఖద్వారం మూసుకున్నప్పుడు ఏ రకాలు తగ్గాయి, పూడిక తీస్తే ఏవి తిరిగొచ్చాయి అన్నది నీళ్ల సీసాలతో రుతువు రుతువుకూ రాసిపెట్టుకోదగ్గ లెక్క.

నేలపట్టులో నీళ్లు తికమక పెడతాయి

నేలపట్టు చెరువులో నీళ్లలోనే చెట్లు, చెట్ల మీద గూడబాతుల గూళ్లు. ఆ పక్షులు పులికాట్ దాకా పోయి చేపలు మింగి వస్తాయి, పిల్లలకు కక్కి పెడతాయి, కొమ్మ మీంచి రెట్ట వేస్తాయి. కింద చెరువులో లీటరు నీళ్లు ముంచి పరీక్షిస్తే ఉప్పునీటి చేప కూడా కనిపించవచ్చు. ఆ చేప ఈ మంచినీటి చెరువు మొహం కూడా చూసి ఉండదు. యంత్రం అబద్ధం చెప్పలేదు. డీఎన్ఏ అక్కడుంది, చేప లేదు. నెల్లూరు పక్కన పెన్నలోకి కలిసే మురుగు కాలువ నీళ్లలో వంజరం కనిపించినా ఆశ్చర్యపోకూడదు. అది మార్కెట్లో చేపలు కడిగిన నీళ్లదో, ఎవరి వంటింటి గిన్నెదో.

పారే నీళ్లతో ఇంకో పేచీ. స్విట్జర్లాండ్‌లో ఒక ఏటిలో, పైనున్న సరస్సులోని చిన్న జీవుల డీఎన్ఏ 10 కిలోమీటర్ల దిగువన కూడా దొరికింది. కాబట్టి నదిలో ఒక చోట తీసిన సీసా ఆ చోటు గురించే కాదు, ఎగువ ఊళ్ల గురించి కూడా చెబుతుంది. చెరువుల్లో ఈ చిక్కు తక్కువ. చచ్చిన చేప కూడా డీఎన్ఏ వదులుతుంది. ఎన్ని చేపలు, ఎంత బరువు, చిన్నవా పెద్దవా అన్న ప్రశ్నలకు నీళ్లు ఇప్పటికీ సరిగా బదులివ్వవు. చేపల వేలానికి ఈ పరీక్ష పనికిరాదు. లేదన్న జవాబుకైతే మరీ జాగ్రత్త. కుళ్లిన ఆకుల గోధుమరంగు నీళ్లలోని పదార్థాలు పీసీఆర్ ఎంజైమును పనిచేయనివ్వవు. అప్పుడు చేప ఎదురుగా తోక ఆడిస్తున్నా ఫలితం సున్నాయే. స్కాట్లాండ్‌లోని నెస్ సరస్సులో రాక్షసి ఉందో లేదో తేల్చడానికి 2018లో 250 దాకా నీటి నమూనాలు తీసింది ఇందుకే. ఒకటి రెండు సీసాలతో లేదని ఎవరూ ఒప్పుకోరు. సరీసృపాల డీఎన్ఏ ఎక్కడా దొరకలేదు. పాములాంటి ఈల్ చేపలది మాత్రం పుష్కలంగా దొరికింది.

పేరు ఎవరు పెట్టాలి?

యంత్రం అక్షరాలు చదివి ఇస్తుంది. ఆ అక్షరాలు ఏ చేపవో చెప్పాలంటే ముందే రాసిపెట్టిన జాబితాలో పోల్చి చూడాలి. జాబితాలో లేని చేప నీళ్లలో ఉన్నా, నివేదికలో గుర్తు తెలియని చేప అని వస్తుంది. లేదంటే దగ్గరి చుట్టం పేరు మీద చలామణి అవుతుంది. మన నదుల చిన్న చేపలన్నిటి బార్‌కోడ్లూ ఇంకా జాబితాకెక్కలేదు.

పైగా ఊళ్లో పేర్ల సంగతి వేరు. జెల్ల అంటే ఒక చేప కాదు, మీసాల చేపలు బోలెడు. పక్కె అంటే ఇంకా ఎక్కువ రకాలు. కొర్రమీను, మట్టగిడస దగ్గరి చుట్టాలే అయినా వాటిని కలిపేసే జాలరి ఉండడు. ఒంటి మచ్చ, తల తీరు చూసి చెప్పేస్తాడు. అతను ఒకటే అనుకునే రెండు జెల్లల్ని డీఎన్ఏ విడదీయవచ్చు, డీఎన్ఏ తడబడిన చోట అతని కన్ను సరిచేయవచ్చు. జాబితాలోకి ఒక చేప ఎక్కాలంటే మళ్లీ వల వేయాల్సిందే. దాన్ని పట్టాలి, తెలిసినవాళ్లు పేరు తేల్చాలి, ఫొటో తీయాలి, చిటికెన వేలి గోరంత రెక్క ముక్క కత్తిరించి సారాయి గొట్టంలో వేయాలి. అంతా అయ్యాక బొమ్మిడాయి చేతిలో ఉంటే పులుసు గుర్తొస్తుంది గానీ, ఆ ఒక్కదాన్నీ కుండలో వేయకూడదు. జాడీలో దాచాలి. పదేళ్ల తర్వాత ఎవరైనా అది బొమ్మిడాయి కాదు, ఇంకేదో అని తగవుకొస్తే మూత తీసి చూపించాలిగా.